పెరగని డిస్కు

"డిస్కు నిండిపోయిందండీ," అన్నాడు మేనేజరు, ఇంజినీరే కూర్చుని నింపినట్టు.

అద్దాల గది అవతల, రక్తపరీక్షల రిపోర్టుల కోసం వచ్చినవాళ్ళు కుర్చీలు చాలక గోడలకు చేరబడ్డారు. పొద్దున తొమ్మిది నుంచి ఒక్క రిపోర్టూ బయటికి రాలేదు. అవన్నీ ఉండే సర్వరు ఎక్కడో క్లౌడ్‌లో ఉంది. ఇవతల లాప్‌టాప్ ముందు ఇంజినీరు, అతనికి అటు మేనేజరు, ఇటు నోటుపుస్తకంతో ఒక మేడమ్.

"నిన్ననే వంద జీబీని ఐదొందలు చేశాం. బటన్ నేనే నొక్కాను," అన్నాడు మేనేజరు, ఏదో శంకుస్థాపన చేసినంత గర్వంగా. "అయినా ఇది వందే అంటోంది. ఎందుకంటారు?"

ఇంజినీరు గొంతు సవరించుకున్నాడు. బయల్దేరేటప్పుడు భార్య గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది: "వాళ్ళకి పాఠాలు చెప్పకండి. పోయినసారి ఉద్యోగం మీ నోటివల్లే పోయింది."

ఇప్పుడీ డిస్కు పెరిగితేనే ఉద్యోగం. ఆ సంగతి అతనికి ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

"స్థలం కొన్నారు సార్, ప్రహరీ గోడ జరపలేదు," అన్నాడు వీలైనంత మెత్తగా. "క్లౌడ్‌లో డిస్కు పెరిగింది. మిషన్ లోపల పార్టిషన్ పాత హద్దులోనే ఉండిపోయింది. ముందు దాన్ని జరపాలి. ఆ తర్వాత లోపల ఫైళ్ళని సర్దే ఫైల్ సిస్టమ్‌ని కూడా పెంచాలి."

మేడమ్ పొల్లుపోకుండా రాసుకుంది. "కమాండ్లు కూడా చెప్పండి. కాస్త మెల్లగా."

ఏదైనా తేడా కొడితే మళ్ళీ మొదటికి రావడానికి వీలుగా ఇంజినీరు ముందుగా డిస్కుకి స్నాప్‌షాట్, అంటే ఉన్నదున్నట్టు ఒక నకలు, తీశాడు. తర్వాత హద్దు జరిపే కమాండ్ కొట్టాడు. ఖాళీ లేదు, కుదరదు పొమ్మంది తెర.

"ఖాళీ పెంచడానికి కూడా కాస్త ఖాళీ కావాలి సార్. ఏదో ఒకటి తీసెయ్యాలి."

వెతగ్గా వెతగ్గా ఒక ఫోల్డరు దొరికింది. నలభై జీబీల వీడియోలు. అన్నీ మేనేజరుగారు పెట్టిన మీటింగులే. అన్నిటికంటే పైనున్న దాని పేరు 'డిస్కు పొదుపు చర్యలు, పదిహేడో సమావేశం'.

నాలుక చివరిదాకా వచ్చిన మాటని ఇంజినీరు గుటక వేసి మింగాడు. "ఇవి... ముఖ్యమైనవా సార్?"

"చాలా!" అన్నాడు మేనేజరు, ముఖం మాడ్చుకుని.

బయట ఒక పెద్దాయన కౌంటరు మీద చరిచాడు. "మా ఆవిడకి ఇవాళే ఆపరేషనయ్యా! రిపోర్టు లేనిదే లోపలికి తీసుకెళ్ళేది లేదంటున్నారు!"

గదిలో ముగ్గురూ ఉలిక్కిపడ్డారు.

"తీసెయ్యండి," అన్నాడు మేనేజరు, కన్నబిడ్డను అప్పగింతలు పెడుతున్నట్టు.

పదిహేడు సమావేశాలూ ఒక్క దెబ్బకి పోయాయి. హద్దు జరిగింది. ఫైల్ సిస్టమ్ ఒళ్ళు విరుచుకుంది. తెర మీద ఐదొందలు కనబడింది. మరుక్షణం కౌంటర్లో ప్రింటర్లు గరగరమన్నాయి. పెద్దాయన కాగితం అందుకుని, థాంక్స్ అనడం కూడా మర్చిపోయి పరుగెత్తాడు.

ఇంజినీరు చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అయినా నవ్వొచ్చింది. నోరు జారలేదు, పని జరిగింది. భార్యకి చెప్తే నమ్మదు.

"అద్భుతమండీ, మీ ఇంటర్వ్యూ ఫలితం వారంలోగా మెయిల్ చేస్తాం," అని అతన్ని తలుపుదాకా సాగనంపి వచ్చి, "మెయిల్ సర్వరు పడిపోయి నాలుగు రోజులైంది, దానికి తర్వాతి అభ్యర్థిని పిలవండి," అన్నాడు మేనేజరు మేడమ్‌తో.