ఇదివరకే ఉన్న నంబరు

"మళ్లీ ఎర్రగా ఏదో వచ్చి కూర్చుంది," అంటూ టైలరు మాస్టరు ట్యాబ్‌ని కౌంటరు మీద విసిరేసినంత పని చేశాడు. "ఈ దిక్కుమాలిన యాప్‌ని తెచ్చి నా నెత్తిన పెట్టింది మా చెల్లెలే బావగారూ. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అన్నారా?"

అద్దం ముందు నిలబడ్డ కాబోయే బావగారు చిన్నగా నవ్వాడు. పది రోజుల్లో పెళ్లి. సూటుకి కొలతలివ్వడానికి ఇవాళే మొదటిసారి షాపుకి వచ్చాడు. అంత పెద్ద ఉద్యోగస్తుడి ముందు చేటంత లేని పలక తన పరువు తీస్తోందని మాస్టరుకి ఒళ్లు మండింది.

పెళ్లికూతురు కౌంటరు వెనకాల గుండీలు జత చేస్తోంది. "ఏమని వచ్చింది అన్నయ్యా?"

"ఏమని వస్తే ఏంటి? తప్పని వచ్చింది. పాతికేళ్లుగా పట్టుకున్నా, నా కత్తెర ఏనాడూ నాకు తప్పులు పట్టలేదు."

"ఒకసారి చదువు."

"ఫోన్ నంబరు చెల్లదంట. బావగారి నంబరే చెల్లదంట, దీని మొహం."

ఆమె తొంగి చూసింది. "తొమ్మిదంకెలే కొట్టావు. ఒకటి తగ్గిందని చెబుతోందంతే. ఆడలేక మద్దెల ఓడంటే ఎలా?"

కాబోయే బావగారు కాలరు సర్దుకున్నాడు. "పెళ్లయ్యాక ఈ బొత్తాలు నొక్కే ఖర్మ తనకి ఉండదులెండి. మా ఇంట్లో ఆడవాళ్లు కౌంటర్లలో కూర్చోరు."

"అంతేగా మరి," అన్నాడు మాస్టరు, అదేదో బిరుదు ఇచ్చినట్టు పొంగిపోతూ. చెల్లెలు తలెత్తి ఇద్దరినీ చూసింది.

మాస్టరు పదో అంకె కూడా కొట్టాడు. మళ్లీ ఎరుపు. 'ఈ నంబరు ఇదివరకే నమోదై ఉంది.'

"ఇదిగో, నీ మిషనుకి పిచ్చి ముదిరింది. ఈయన మన గుమ్మం తొక్కిందే ఇవాళ."

"మన గుమ్మం తొక్కకపోవచ్చు. పక్క ఊళ్లో బాబాయి షాపుకీ మనకీ యాప్ ఒకటేగా. అక్కడేమైనా కుట్టించుకున్నారేమో."

"నేనా? అక్కడ నాకేం పని?" కాబోయే బావగారు అద్దంలోంచి చూపు తిప్పుకున్నాడు. "మా అమ్మ నంబరిస్తాను, అదెక్కించండి. ఇంతోటిదానికి ఇంత రాద్ధాంతమా?"

"అదీ మాట. మనిషికున్న తెలివి మిషనుకి ఎక్కడేడ్చింది?" మాస్టరు వేలు 'రద్దు' మీదికి పోయింది.

"ఆగన్నయ్యా. ఎర్రగా ఏది కనబడినా రద్దు నొక్కడమే నీకు తెలుసు. కింద 'పాత వివరాలు' అని ఇంకో బొత్తం ఉంది, చూడు."

"నువ్వే చూసుకో తల్లీ. పైకి చదువు, బావగారు కూడా విని నవ్వుకుంటారు." మాస్టరు ట్యాబ్‌ని ఆమె వైపు తోసేసి, టేపు తీసి బావగారి నడుముకి చుట్టాడు.

ఆమె బొత్తం నొక్కింది. గొంతు మారకుండా, కొలతలు చదివినట్టే చదివింది.

"పేరు మీదే. పోయిన నెల ఇరవయ్యో తారీఖు. పెళ్లి సూటు, నడుము రెండంగుళాలు వదులు చేయాలి. తెచ్చి ఇచ్చినవారు, భార్య."