తిట్ల జాబితా

“తిట్ల జాబితా భోజనాల వేళకల్లా కావాలి,” అన్నాడు మేనేజర్.

అది వాషింగ్ మెషీన్లు అమ్మే కంపెనీ. మెషీన్ మొరాయించినప్పుడల్లా కొన్నవాళ్లు ఫిర్యాదుల సెక్షన్‌కి మెయిల్ రాస్తారు. రాసేవాళ్లలో సగంమంది మెషీన్‌ని వదిలేసి మనుషుల్ని తిడతారు. పొద్దున్నే అవి చదివి ఆ సెక్షన్ అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ కూర్చుంటోంది. అందుకే కొత్త సర్వర్ తెప్పించారు. బయటినుంచి వచ్చే ప్రతి మెయిలూ ముందు దాని దగ్గర ఆగాలి. తిట్టు కనిపించిందా, ఇక లోపలికి రాదు.

దాన్ని సిద్ధం చేసే పని పోస్ట్‌మాన్‌ది. ఆయన నిజం పోస్ట్‌మాన్ కాదు. ఇరవై ఏళ్లుగా ఆఫీసు మెయిళ్లు చూస్తున్నాడని అందరూ కలిసి పెట్టిన పేరది. పెళ్లీ పెటాకులూ లేని మనిషి. గొంతు పెంచగా విన్నవాళ్లు లేరు.

“ఈయనకి తిట్లేం తెలుస్తాయి పాపం!” అని నవ్వుకున్నారు.

ఆయన కీబోర్డు ముందుకు లాక్కున్నాడు. శుంఠ, చవట, దద్దమ్మ, సన్నాసి, అప్రాచ్యుడు, బండవెధవ, మొద్దావతారం... తడుముకోకుండా నలభై రెండు కొట్టాడు. వెధవకి ఒక్క స్పెల్లింగ్ సరిపోదని నాలుగు రకాలుగా రాశాడు. పచ్చి బూతులు మాత్రం ఆయనకి రావు. అవి మేనేజరే పక్కన నిలబడి చెప్పాడు. ఆ విద్యలో మేనేజర్‌కి ఎవరి సాయమూ అక్కర్లేదు.

ఫిర్యాదుల అమ్మాయి ముక్కున వేలేసుకుంది. “ఇన్ని ఎక్కడ నేర్చుకున్నారండీ బాబూ?”

ఆయన నవ్వి, కొట్టినవన్నీ సేవ్ చేశాడు.

“ఆగిపోయినవాటిని ఏం చేయమంటారు సార్?” అని మేనేజర్‌ని అడిగాడు.

“చెరిపేయండి. అందలేదని వాళ్లకి కబురు కూడా వెళ్లకూడదు, ఇంకా రెచ్చిపోతారు. నాకు రోజూ లెక్క చాలు. ఒక్కో చోటునుంచి ఎన్నో అంకె ఉంటే సరే, పేర్లూ చిరునామాలూ కనిపించక్కర్లేదు.”

“ఫిర్యాదుల సెక్షన్‌కి ఒక్కదానికేనా?”

“అందరికీ పెట్టండి. మనలో ఎవరు మాత్రం తిట్లు తినాలి?”

ఆ సోమవారం సాయంత్రం, అందరూ వెళ్లిపోయాక, ఆయన అక్కకి మెయిల్ రాశాడు.

అమ్మ పోయాక ఆయన్ని పెంచింది అక్కే. వేరే ఊళ్లో ఒక్కతే ఉంటుంది. చెవులు వినపడక ఫోన్ ఎప్పుడో మానేసింది. కంప్యూటర్ ముందు కూర్చుని ఈ ఆఫీసు చిరునామాకే రాస్తుంది. పోయిన నెల ఆమెకి మోకాలి ఆపరేషన్ జరిగింది. వస్తానని మాటిచ్చాడు. సరిగ్గా అప్పుడే ఈ సర్వర్ దిగింది, సెలవు దొరకలేదు. అక్క పక్కింటావిడ భుజం పట్టుకుని ఇంటికి చేరింది. ఆ సంగతి తెలిసిన దగ్గర్నుంచీ ఆయనకి అన్నం సయించడం లేదు.

“తప్పయింది అక్కా. ఏ మొహం పెట్టుకుని రావాలో తెలియడం లేదు. శనివారం బస్సుకి టికెట్ తీశాను. నువ్వు రమ్మంటేనే ఎక్కుతాను. ఒక్క మాట రాయి చాలు.”

మంగళవారం జవాబు రాలేదు. బుధవారమూ రాలేదు.

మెయిల్ పాడయిందేమోనని అనుమానం వచ్చింది. ఫిర్యాదుల అమ్మాయిని ఇంటినుంచి ఒక మెయిల్ పంపమన్నాడు. “బాగున్నారా, భోజనం చేశారా” అని ఆమె పంపింది రెండు సెకన్లలో వచ్చి కూర్చుంది. సర్వర్ లక్షణంగా ఉంది. అక్కే రాయడం లేదు.

అక్క కోపం వస్తే ఊరుకునే రకం కాదు. కడిగిపారేస్తుంది, మరుక్షణం మర్చిపోతుంది. అలాంటి మనిషి నోరు మెదపలేదంటే మనసు పూర్తిగా విరిగిపోయిందనే అర్థం. ఈ ఆలోచనతో ఆయన రోజూ తన ఒంటి గదికి వెళ్లేవాడు. ఒక కుర్చీ, ఒక కంచం, తలుపు వెనక వేలాడే రెండు చొక్కాలు. గురువారం నాడు సంచీ సర్దాడు. అక్కకోసం కొన్న మోకాలి పట్టీ అన్నిటికన్నా పైన పెట్టాడు.

శుక్రవారం మేనేజర్ లెక్క చూసి తెగ సంబరపడ్డాడు.

“వారంలో యాభై మూడు ఆపేశాం! ఇది చూశారా, ఒకే చిరునామా నుంచి పద్నాలుగు. ఎవరో గానీ జగమొండి.”

పోస్ట్‌మాన్ ఆ అంకె వంక చూస్తూ ఉండిపోయాడు. రోజుకి మూడుసార్లు కూర్చుని తిట్టడమంటే మాటలా? ఎవరినో అంతగా పట్టించుకునే మనిషి ఒకరున్నారు. తనకి ఆపాటి తిట్టు కూడా కరువైంది. ఆ ముక్కూమొహం తెలియనివాళ్ల మీద ఆయనకి అసూయ పుట్టింది.

నాలుగు గంటలదాకా చూశాడు. పెట్టె ఖాళీ. బస్సు టికెట్ రద్దు చేసేశాడు. సెలవు చీటీ కూడా వెనక్కి తీసుకున్నాడు. ఇక ఆ ఇంటి గడప తొక్కే అర్హత తనకి లేదనుకున్నాడు.

ఫిర్యాదుల అమ్మాయి టీ తెచ్చి బల్లమీద పెట్టింది.

“మీ పుణ్యమా అని ఈ వారం ఒక్కసారి కూడా ఏడవలేదండీ. ఇప్పుడైనా చెప్పండి, అన్ని తిట్లు ఎక్కడ నేర్చుకున్నారు?”

చాలా రోజుల తరవాత ఆయన మొహం కాస్త విప్పారింది.

“తిట్లేమిటమ్మా, మా అక్క ఏ ఉత్తరం రాసినా నన్ను పిలిచే పేర్లే అవన్నీ.”