పులి కల బేరం

“రాత్రి నా కలలోకి పులి వచ్చిందక్కా,” అంది యన్సిల్. ఆమె చేతిలో కర్రలు ఆగలేదు.

ఎదురుగా కూర్చున్న తోటికోడలు దల్లే చేతిలో కర్రలు ఆగిపోయాయి.

“ఏమే, చప్పుడేదీ?” గదిలోంచి అత్తగారు కేకేసింది.

“కర్ర జారిందత్తయ్యా!” అని అరిచి, యన్సిల్ గొంతు తగ్గించింది. “కొట్టక్కా, కొట్టు. ఆవిడ చెవిన పడిందంటే కల చెడిపోతుంది.”

ఇద్దరి మధ్యా నున్నటి రాయి. దాని మీద గంజి పెట్టి మడిచిన దుప్పటి. తలా రెండు కర్రలు పట్టుకుని తడుతూ ఉంటే బట్ట ముడతలు పోయి నిగనిగలాడుతుంది. దరువు తప్పిందంటే కోడళ్ళు కబుర్లలో పడ్డారని అత్తగారికి తెలిసిపోతుంది. వాకిట్లో ఆ ఏటి మొదటి మంచు తెల్లగా పరుచుకుని ఉంది.

పులి కలలోకి వస్తే కడుపు పండుతుందని ఆ కొండ ఊళ్ళో తెలియనివారు లేరు. యన్సిల్ ఆ ఇంటికి వచ్చి నలభై రోజులు. దల్లే వచ్చి ఆరేళ్ళు. పొరుగింటి పసివాళ్ళను ఎత్తుకోవడం కూడా ఆమె మానేసింది. “ఇంక ఆశ పడలేను,” అని భర్తను పశువుల పాక పక్క గదిలోకి పంపేసింది. ఆవు ఈనేలా ఉందని అత్తగారికి వంక చెప్పారు. ఆవు ఈని, దూడకు కొమ్ములు కూడా వచ్చాయి. ఆయన మాత్రం తిరిగి రాలేదు.

“ఎలాంటి పులే?” అంది దల్లే.

“అమ్మో, చెప్పను. చెప్తే ఇచ్చేసినట్టేగా!”

దల్లే దుప్పటిని రెండో వైపుకి తిప్పి వేసింది.

“పోనీ, అమ్ముతావా?”

“పులి కలని ఎవరైనా అమ్ముకుంటారా అక్కా? ఇంకా ఆయనకే చెప్పలేదు.”

“నిన్న గాక మొన్న వచ్చావు. నీకు ఇంకో పులి వస్తుందిలే. నాకు ఈ ఆరేళ్ళలో పిల్లి కూడా రాలేదే.”

యన్సిల్ పెదవి కొరుక్కుంది. “సరే, ఏమిస్తావు?”

“మా అమ్మ పెట్టిన ఇత్తడి చెంచాలు.”

“చెంచాలకి కుందేలు వస్తుంది.”

“కొప్పులో పెట్టుకునే వెండి పుల్ల.”

“దానికి తోక ఇస్తా.”

“మరేం కావాలే రాక్షసీ?”

“నీ పెట్టె అడుగున ఉందే, ఆకుపచ్చ పట్టు పావడా.”

దల్లే మొహం పాలిపోయింది. బిడ్డ మొదటి పుట్టినరోజుకి కట్టుకోమని తల్లి కుట్టి ఇచ్చిన పావడా అది. ఆరేళ్ళుగా మడత విప్పలేదు.

“అది తప్ప ఇంకేదైనా అడుగు.”

“అయితే పులి నా దగ్గరే ఉంటుంది.”

“నీకు గుండె ఉందా అసలు?”

“పులినిస్తున్నానక్కా. కోడిపిల్లని కాదు.”

దల్లే విసురుగా కర్రలు పడేసి తన గదిలోకి వెళ్ళింది. అత్తగారికి అనుమానం రాకుండా యన్సిల్ ఇద్దరి వాటా దరువూ ఒక్కతే వేసింది. భుజాలు లాగేశాయి. పెట్టె మూత తెరుచుకున్న చప్పుడు వినిపించింది. చాలాసేపటికి గానీ మూసుకున్న చప్పుడు వినిపించలేదు.

దల్లే వచ్చి పట్టు పావడాను యన్సిల్ ఒళ్ళో పెట్టింది. కళ్ళు తుడుచుకుంది. “చెప్పు.”

“ఒడి పట్టక్కా.”

దల్లే కట్టుకున్న నేత పావడా అంచులు రెండు చేతులా పట్టుకుంది.

“మన వాకిలి తలుపు తోసుకుని లోపలికొచ్చింది,” అంది యన్సిల్ దరువు ఆపకుండా. “ఇంత పెద్ద పులి. కాస్త మెల్లకన్ను. నెత్తి మీద నల్లదీ తెల్లదీ కలిసిన పిట్ట.”

“ఆగాగు. మన తలుపు మీద అతికించిన బొమ్మలో పులి కూడా అచ్చం అలాగే ఉంటుందిగా?”

“ఈ ఇంటికొచ్చే పులి ఈ ఇంటి బొమ్మలా కాక పక్కింటి బొమ్మలా ఉంటుందా?”

అదీ నిజమేననిపించింది దల్లేకి.

“మెట్టు దగ్గర జోళ్ళు విడిచి...”

“పులికి జోళ్ళేంటే?”

“మర్యాద తెలిసిన పులి! తిన్నగా వచ్చి నా ఒళ్ళో తల పెట్టింది. వెచ్చగా, బరువుగా. ఇదిగో, తీసుకో!”

యన్సిల్ కర్రలు వదిలి రెండు చేతులతోనూ గాలిని ఎత్తి ఆ ఒడిలో వేసింది. దల్లే అంచులు దగ్గరకు లాక్కుని గుండెకు హత్తుకుంది.

“నిజంగానే బరువుగా ఉందే,” అంది మెల్లగా.

తలుపు భళ్ళున తెరుచుకుంది. “చప్పుడేదే అంటే? ఆ ఒడిలో ఏం దాచావు?” అంది అత్తగారు.

“ఏమీ లేదత్తయ్యా,” అంది దల్లే. ఒడి మాత్రం వదల్లేదు.

ఆ సాయంత్రం దల్లే గది ముందు మెట్టు మీద బావగారి రబ్బరు జోళ్ళు కనిపించాయి. మర్నాడు పొద్దున కూడా అక్కడే ఉన్నాయి. అన్నం ఆలస్యమైనా అత్తగారు ఆ పూట ఒక్క మాటా అనలేదు.

మళ్ళీ మంచు కురిసే వేళకి దల్లే కూతురికి వంద రోజులు నిండాయి. పిల్ల ఏడిస్తే కొండకు అవతల వినిపిస్తోంది. ఆ వంద రోజుల పండగ విందులో దల్లే ఇక రహస్యం దాచలేకపోయింది.

“ఏమయ్యా మరిదీ,” అంది యన్సిల్ భర్త మన్సుతో, “ఇది మీ పులే తెలుసా? మీ ఆవిడ దగ్గర కొనుక్కున్నాను. మీ బిడ్డ అదృష్టం నాకు ఇచ్చేసింది పిచ్చిది!”

“మా పులేంటి వదినా?”

“పోయినేడు మొదటి మంచు పడిన రాత్రి తనకొచ్చిన కల. నీకు చెప్పలేదా?”

మన్సు భార్య వైపు చూశాడు. భార్య పులుసు గిన్నెలోకి చూసింది. అతను చెవుల దాకా ఎర్రబడి, చేతికందిన బియ్యప్పిండి ముద్దను నోట్లో కుక్కుకున్నాడు.

పోయినేడు ఆ మొదటి మంచు రాత్రి ఈ కొత్త దంపతులు అసలు నిద్రే పోలేదు.