తాడు వేసేముందు

మెట్టు రాయి ఊడింది. దాంతోపాటు బుల్లయ్యా కింద పడ్డాడు.

మిర్చి తోటకు ఆఖరి తడి పెడుతుంటే మోటారు నీళ్లు లాగడం మానేసింది. పైపు చివర చెత్త పట్టి ఉంటుంది, తీసేద్దామని బావిలోకి దిగాడు. అద్దంకి పక్క బావులు అసలే లోతు. రెండేళ్ల కరువుకు నీళ్లు అడుక్కు పోయాయి. ఒక్కడివీ దిగొద్దని భార్య రాజ్యం పొద్దున్నే చెప్పింది. పెళ్లాం మాట వింటే మగతనం ఏం కావాలి?

లేచి చూస్తే మెట్ల వరస సగానికి సగం లేదు.

నడుం లోతు బురద నీళ్లు. తలెత్తితే పళ్లెమంత ఆకాశం. గోడ నుంచి ఒక్కో మట్టిపెళ్ల విడివడి పక్కనే పడుతోంది. మొత్తం గోడ జారిందంటే అంతే సంగతులు.

గొంతు పోయేదాకా అరిచాడు. మిట్టమధ్యాహ్నం. చుట్టుపక్కల పత్తి చేలన్నీ పీకేసి ఉన్నాయి. వినేవాళ్లెవరు?

ఇక దేవుడి మీద పడ్డాడు. చెడు జరుగుతుంటే ఒక్కసారైనా చెయ్యి అడ్డం పెట్టడేం అని నోటికొచ్చినట్టు తిట్టాడు.

ఆ మాట బుల్లయ్యకు కొత్తది కాదు. ఐదేళ్ల కిందట, బుల్లయ్యకు పొలం కౌలుకిచ్చిన ఆసామి మిర్చి కళ్లం తగలబడింది. తగలబెట్టింది ఆసామి బావమరిది. బుల్లయ్య కళ్లారా చూశాడు. చూసిందొకటి, కోర్టులో చెప్పిందొకటి. కళ్లానికి కాపలా ఉన్న జాన్ బాషాయే నిప్పు పెట్టాడని తలెత్తకుండా చెప్పి, తలెత్తకుండానే బయటికొచ్చాడు. ఆసామి చెప్పమన్నట్టు చెప్పకపోతే కౌలు పోతుంది మరి. జాన్ బాషా జైల్లోనే జ్వరమొచ్చి చనిపోయాడు. ఆ కబురు తెలిసిన రోజు బుల్లయ్యకు అన్నం సయించలేదు. తప్పయితే దేవుడే నా నోరు నొక్కేవాడుగా అని సర్దిచెప్పుకున్నాడు. మర్నాడు తిన్నాడు.

పైన అడుగుల చప్పుడైంది.

"బుల్లయ్యవేనా?" ఎవరో ముసలి గొంతు.

"నేనేనండీ! మోటారు గదిలో మేకుకి తాడుంది. తొందరగా వెయ్యండి."

గట్టు మీద ఒక తల మాత్రం కనిపిస్తోంది. ఎండకెదురుగా ఉండటంతో మొహం తెలియడం లేదు. కాసేపటికి ఆ తలా కనిపించలేదు.

బుల్లయ్య పిలిచాడు, బతిమాలాడు. ఇంటి దగ్గర బిడ్డ ఉందన్నాడు. చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. పైన చప్పుడు లేదు. ఈసారి పెద్ద పెళ్లే పడింది. నీళ్లు మొహాన కొట్టాయి. వచ్చినవాణ్ణి కూడా దేవుడు వెనక్కి పంపేశాడనుకున్నాడు. చావు ఖాయమని తెలిశాక భయం కూడా అలిసిపోయింది.

ఒక చుట్ట కాల్చేంత సేపు గడిచింది.

తాడు దిగింది.

"కరెంటు స్తంభానికి కట్టాను. లాగే శక్తి నాకు లేదు. ఎక్కాల్సింది నువ్వే" అంది పైనుంచి ఆ ముసలి గొంతు.

నమ్మాలా వద్దా? ఇంతసేపు పలకని మనిషి కట్టిన ముడి ఎలాంటిదో. సగం ఎక్కాక జారితే? కానీ గోడ బుల్లయ్య ఆలోచన తెమిలేదాకా ఆగేలా లేదు. తాడు పట్టుకున్నాడు.

అరచేతులు చీరుకుపోయాయి. గట్టు మీదికి పాకి అక్కడే బోర్లా పడ్డాడు. వెనక గోడ మొత్తం విరుచుకుపడిన చప్పుడు విన్నాడు.

ముసలాయన దగ్గరికొచ్చి కూర్చున్నాడు. బక్కపల్చటి మనిషి. దగ్గరున్న సీసాలో నీళ్లు తాగించాడు. భుజం మీది తువ్వాలు చింపి బుల్లయ్య రెండు చేతులకీ కట్టాడు. పేరెలా తెలుసని అడిగితే ఇంటి దగ్గర చెప్పారన్నాడు.

"ఇందాక అంతసేపు పలకలేదేం పెద్దాయనా? పోయారనుకున్నా."

"పోదామనే అనుకున్నా."

ముసలితనం, చాదస్తం అనుకున్నాడు బుల్లయ్య. ప్రాణం తిరిగొచ్చిన సంబరంలో మనిషికి నోరు ఊరుకోదు. కింద ఉండి దేవుణ్ణి ఎలా తిట్టిందీ చెప్పాడు.

"చెడు జరుగుతుంటే చెయ్యి అడ్డం పెట్టడేమండీ ఆయన?"

ముసలాయన బావి వంక చూస్తూ అన్నాడు.

"ఇందాక నేను పోతానంటే పోనిచ్చేవాడే. ఉంటానంటే ఉండనిచ్చాడు. తాడు మాత్రం కళ్లెదురుగా పెట్టాడు. అందరికీ అంతే. అదే నాకు ఆయన మీద కోపం."

కోపమంటాడేమిటో బుల్లయ్యకు అర్థం కాలేదు. ముసలాయన ఏదో అడగబోయినట్టు నోరు తెరిచాడు. కట్టు కట్టిన చేతుల వంక చూసి మానుకున్నాడు. బస్సు వేళైందని లేచాడు. పొలం గట్టున మెల్లగా నడిచి రోడ్డెక్కి, బస్సెక్కి వెళ్లిపోయాడు. ప్రాణం పోసినవాడి పేరైనా అడగాలని బుల్లయ్యకు తోచలేదు.

ఇంటికొస్తే రాజ్యం వాకిట్లోనే ఎదురైంది. బట్టలు, చేతులు చూసి బావురుమంది. జరిగింది విని వెయ్యి దేవుళ్లకు మొక్కింది. కళ్లు తుడుచుకుంటూ అంది.

"అయితే ఆయనేనయ్యా. మధ్యాహ్నం నీకోసం ఓ ముసలాయన వచ్చాడు. నిన్నొక్క మాట అడిగి పోవాలన్నాడు, బావి దగ్గరున్నావని చెప్పా. మంచినీళ్లిస్తే తాగి, మీకెంతమంది పిల్లలమ్మా అని అడిగాడు. ఒక్కతే, బిందుమాధవి, బడికెళ్లిందన్నా. వాకిట్లో ఉన్న దాని పాత పలక వంక చూస్తూ కాసేపు నిలబడ్డాడు."

"ఎవరంట?"

"నీకు చెప్పలేదా? పొన్నూరు నుంచి వచ్చాడు. జాన్ బాషా వాళ్ల నాన్నంట."