పొగ వస్తే మోగుతుంది

తొంభై మూడు వేసవి. ఆదివారం పొద్దున అగ్నిమాపక శాఖ జీపు జూబ్లీహిల్స్‌లో త్రినాథరావు ఇంటి ముందు ఆగింది. కాలనీలో ఇంటింటికీ పొగ అలారం ఉచితంగా బిగిస్తున్నారు. త్రినాథరావు సినిమా డిస్ట్రిబ్యూటరు. కొత్తవాళ్ళు ఇంట్లోకి రావడం ఆయనకు గిట్టదు. కానీ కాలనీ సంఘం అధ్యక్షుడు పట్టాభిరామయ్య వెంట ఉండేసరికి వద్దనడానికి నోరు రాలేదు.

ఫైర్‌మాన్ బాలనర్సయ్య స్టూలెక్కి, హాల్లో పైకప్పుకు సాసరంత తెల్ల డబ్బా బిగించాడు. త్రినాథరావు భార్య లీలాకుమారి వంటింటి గుమ్మంలో నిలబడి రెప్ప వేయకుండా చూస్తోంది.

"మా వీధిలో కేక వినిపిస్తే షూటింగ్ అనుకుంటామయ్యా," అన్నాడు పట్టాభిరామయ్య. "మొన్న ఎవరో ఆడమనిషి ఏడుస్తుంటే, హీరోయిన్ ఎవరో కనుక్కోమని మా ఆవిడ ఒకటే గోల. నీ డబ్బా కూత అయినా వేరుగా ఉంటుందా?"

బాలనర్సయ్య మీట నొక్కాడు. చెవులు చిల్లులు పడేలా కూసింది.

"గీ సప్పుడు ఏ సినిమాల ఉండది సార్. ఎవరింట్ల మోగినా పక్కింటోళ్ళు నూటొకటికి ఫోన్ కొట్టాలె. గంతే."

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. త్రినాథరావు నిప్పు అడగలేదు. సొంత అగ్గిపెట్టె తీసి సిగరెట్టు ముట్టించి, అధ్యక్షుడిని పక్కకు పిలిచాడు.

"మా ఆవిడకు కొంచెం నరాల జబ్బండీ. ఏవేవో ఊహించుకుంటుంది. అగ్గిపుల్ల కూడా అందనివ్వను."

గొంతు తగ్గించే చెప్పాడు గానీ, లీలాకుమారికి వినిపించింది. పట్టాభిరామయ్య జాలిగా తలూపాడు. ఇలాంటి మొగుడు దొరకాలంటే పెట్టి పుట్టాలని ఆయన ముఖమే చెబుతోంది.

ఇద్దరూ వరండాలోకి నడిచారు. లీలాకుమారి గబగబా స్టూలు దగ్గరికి వచ్చింది.

"పొగలో మనిషి ఎంతసేపు బతుకుతుందండీ?"

బాలనర్సయ్య ఉలిక్కిపడ్డాడు. "గట్లెందుకు అడుగుతున్నరమ్మా?"

"ఊరికే."

"కిటికీలు మూసుంటే ఎక్కువసేపు ఉండరమ్మా. అగ్గి కంటె ముందు పొగనే సంపుతది. గిది మోగంగనే నగలు, సామాను జోలికి పోవద్దు. బయటికి ఉరకాలె."

లీలాకుమారి నవ్వింది. ఆ నవ్వు బాలనర్సయ్యకు నచ్చలేదు.

"ఫికర్ చెయ్యకుండ్రి. మా స్టేషన్ దగ్గర్నే. జల్ది వస్తం," అన్నాడు దిగుతూ.

సాయంత్రం త్రినాథరావు తలెత్తి డబ్బా వైపు చూశాడు.

"ఇంట్లో ప్రశాంతంగా సిగరెట్టు కూడా కాల్చుకోనిచ్చేలా లేదు. రేపు ఆఫీసు నుంచి రాగానే పీకి పారేస్తాను."

ఇక మిగిలింది రేపు ఒక్క పగలే.

సోమవారం పనిమనిషి రాజమ్మ అంట్లు తోమి రహమత్ నగర్ వెళ్ళిపోయేదాకా త్రినాథరావు పేపరు చదువుతూ కూర్చున్నాడు. తరవాత ఆయన కారు గేటు దాటింది.

లీలాకుమారి తలంటుకుంది. పుట్టింటివాళ్ళు పెట్టిన పట్టుచీర కట్టి, బొట్టు పెట్టుకుంది. దేవుడికి దణ్ణం పెట్టింది. గోడ మీది అమ్మ ఫొటో తీసి కొంగుతో తుడిచింది.

"తప్పయితే క్షమించమ్మా. ఇంకో దారి కనపడలేదు."

ఎన్నాళ్ళుగానో అనుకుంటున్నదే. ఇవాళ తెగింపు వచ్చింది గానీ భయం పోలేదు.

కిటికీలన్నీ మూసింది. సాంబ్రాణి ధూపం వేసే కుంపటి హాలు మధ్యకు లాగింది. పాత దిండు చింపి దూది కుక్కి, పైన కాసిని నీళ్ళు చిలకరించింది. నిన్నటి సందట్లో భర్త టీపాయ్ మీద మరిచిన అగ్గిపెట్టె ఆమె దగ్గరే ఉంది. మొదటి పుల్ల ఆరిపోయింది. రెండోది అంటుకుంది.

దూది మండలేదు, మాడింది. దట్టమైన పొగ మెల్లగా పైకి లేచి పైకప్పంతా పరుచుకుంది. లీలాకుమారి అమ్మ ఫొటో ఒళ్ళో పెట్టుకుని వీధి తలుపుకు వీపు ఆనించి కూర్చుంది.

అలారం కూసింది.

ఇంత త్వరగా ఊపిరి ఆడదని ఆమె అనుకోలేదు. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. వద్దు, ఆర్పేద్దాం అనిపించింది. లేవబోతే కాళ్ళు సహకరించలేదు. కుంపటి ఎటువైపు ఉందో కూడా కనిపించలేదు. పక్కింటివాళ్ళు ఊళ్ళో లేరేమో. ఉన్నా ఇది కూడా షూటింగే అనుకున్నారేమో. చచ్చిపోతున్నానని మొదటిసారి నిజంగా భయం వేసింది. నేలకు ముఖం ఆనించి పడుకుంది. కళ్ళు మూతలు పడుతున్నాయి.

ఎక్కడో దూరంగా గంట గణగణమంది. దగ్గరైంది. బూట్ల చప్పుడు మెట్లెక్కింది.

"లోపల ఎవరన్న ఉన్నరా?" బాలనర్సయ్య గొంతు.

జవాబు చెప్పడానికి నోరు పెగల్లేదు. అరచేత్తో తలుపు మీద కొట్టింది.

"తలుపుకు దూరం జరుగుండ్రి అమ్మా."

ఆమె పాక్కుంటూ పక్కకు జరిగింది.

రెండే రెండు గొడ్డలి దెబ్బలకు, ఆమె కాపురానికి వచ్చిన నాటి నుంచీ త్రినాథరావు రోజూ బయట వేసి వెళ్తున్న తాళం విరిగి కిందపడింది.