డాబా మీద జొన్నలు

కోదండం గారు రోజూ పొద్దున్నే డాబా మీద పావురాలకు జొన్నలు చల్లేవారు, పుణ్యం కోసం. పది పావురాలు వందయ్యాయి. కింద బాల్కనీ నిండా రెట్టలే. ఆయనకు కోపం వచ్చి బాల్కనీకి వల కట్టించారు.

ఒక పావురం పెట్టిన రెండు గుడ్లు లోపలి పూలకుండీలో ఉండిపోయాయి. అది వలకేసి ముక్కు కొట్టుకుంది.

"కాకి మామా, ఆయన ధర్మాత్ముడు. గుడ్లు చూస్తే వల విప్పేస్తాడు," అంది.

"డాబా మీద ఉన్నంతసేపూ ధర్మాత్ముడే, కోడలు పిల్లా. మెట్లు దిగాక ఇంటి యజమాని," అంది పక్కన వాలిన కాకి.

కోదండం గారు వచ్చి గుడ్లు చూశారు. చేటలోకి తీసి చెత్తబుట్టలో పారేశారు. ఆ వెంటనే లెంపలు వేసుకున్నారు.

"రెండు ప్రాణాలు పోయాయి, పాపం తగులుతుందే. రేపటి నుంచి జొన్నలు రెట్టింపు చల్లుతాను," అని భార్యతో అన్నారు.

అన్నట్టే చల్లారు. ఊళ్లో పావురాలన్నీ వచ్చి వాలాయి. నాలుగో రోజుకు ఆయన వంటింటి కిటికీకి కూడా వల కొలతలు తీయించారు.

తల్లి పావురం మాత్రం ఒక్క గింజా ముట్టలేదు.

"నువ్వు తినకులే, కోడలు పిల్లా," అంది కాకి. "పోయినవాళ్ల పేరు చెప్పి పెట్టే కూడు తినడం మాకు అలవాటే."

అని గింజల మధ్యకు దిగింది.