నల్లతేలు కోసం నాలుగోసారి

స్వర్ణ ఆ సినిమాకు బయల్దేరడం ఇది నాలుగోసారి.

ధనుంజయ్ జీపు కింద దూరి బోల్టు బిగిస్తున్నాడు. అక్కణ్నుంచి అతనికి భార్య కాళ్లే కనిపించాయి. కొత్త చెప్పులు.

"ఏటే, ఎక్కడికి?"

"కోట టౌనుకి మావా. బేగి వచ్చేత్తాను."

"మళ్లీ ఆ బొమ్మేనా?"

"నువ్వూ రారాదా?"

"నాకు పనుంది," అన్నాడు. బోల్టు అప్పటికే బిగిసిపోయింది. ఇంకా తిప్పుతూనే ఉన్నాడు.

సినిమా కథ అరకులో అందరికీ తెలుసు. లోకాన్ని కాపాడే హీరో చచ్చిపోతాడు. సర్కారు జైల్లోంచి ఐదుగురు విలన్లను బయటికి తీసి, చేతులకు కడియాలు వేస్తుంది. ఒకడు పారిపోతే ఐదుగురికీ కరెంటు కొడుతుంది. ఒకణ్నొకడు చంపుకోవాలని చూసేవాళ్లు జట్టు కట్టి ఊళ్లను కాపాడాలి. నలుగురు పేరున్న నటులు. ఐదోవాడు నల్లతేలు. ఒళ్లంతా నల్ల తొడుగు, మొహానికి ముసుగు. మాట్లాడడు. చివరిదాకా ముసుగు తియ్యడు.

మొదటిసారి ఇద్దరూ కలిసే వెళ్లారు. ఐదోవాడు తెర మీదికి రాగానే స్వర్ణ అతని చెయ్యి పట్టుకుంది. "సూడు మావా, సూడు" అంది. ఆట అయ్యాక రద్దీలో ఇరుక్కోకుండా జీపు తియ్యడానికి అతను ముందే బయటికొచ్చాడు. దారిలో ఆమె అడిగింది.

"నల్లతేలు ఎలాగున్నాడు?"

"కోతిలాగున్నాడు."

ఘాట్ రోడ్డు ఎక్కి ఇల్లు చేరేదాకా ఆమె బయటికే చూస్తూ కూర్చుంది.

రెండోసారి ఒక్కతే వెళ్లింది. మూడోసారి అతను చెప్పకుండా వెనకే వెళ్లి హాలు ఎదురుగా నిలబడ్డాడు. జనమంతా వచ్చేశారు. స్వర్ణ రాలేదు. ఆరు నిమిషాల తర్వాత వచ్చింది. కళ్లు తుడుచుకుంటోంది. లోపల ఎవరో ఉన్నారని అతనికి అప్పుడే తెలిసిపోయింది.

నిరుడు షూటింగు జరిగింది ఇక్కడి కాఫీ తోటల్లోనే. నలభై రోజులు. టీ కొట్టు మగ్దలేనమ్మతో కలిసి స్వర్ణ వంటపనికి వెళ్లింది. సాయంత్రం వచ్చేసరికి అరచేతులు ఒరుసుకుపోయి ఉండేవి. కట్టెలు కొట్టానంది. ఆముదం రాసింది అతనే. ఆ రోజుల్లో ఆమె నిద్రలో నవ్వేది. తొమ్మిదేళ్ల కాపురంలో అంతకుముందు ఎప్పుడూ అలా నవ్వలేదు.

తను ఏం తక్కువ చేశాడు? ఫోను కొన్నాడు. కుట్టుమిషను కొన్నాడు. దేనికీ అడ్డు చెప్పలేదు. పెళ్లైన ఏడాది మిరియాల కోతకు చెట్టెక్కుతానంటే మాత్రం వద్దన్నాడు, కింద నిలబడి మగాళ్లు చూస్తారని. దానికీ ఆమె ఎదురు చెప్పలేదు.

బస్టాండు గోడ మీద పోస్టరుంది. ధనుంజయ్ రోజూ జీపును వెనక్కి పోనిచ్చి, ఐదో బొమ్మకు అడ్డంగా ఆపేవాడు.

"ముందుకి తియ్యి బావా, తేలు కనపడతల్లేదు," అన్నాడు జీపెక్కబోతున్న రామారావు. "ఆ నడుం సూసినావా? వెదురు బద్దే."

ఆ పూట ధనుంజయ్ రెండు ముద్దలు తిని లేచాడు.

"ఏటి మావా, ఒంట్లో బాలేదా?" అంది స్వర్ణ.

"బానే ఉంది," అన్నాడు పొట్ట లోపలికి పీల్చుకుంటూ.

మర్నాడు చర్చి పక్కన మగ్దలేనమ్మ టీ కొట్టుకు వెళ్లాడు.

"అత్తా, షూటింగులో ఆ నల్లతేలు ఎవడు?"

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ముసుగేసుకున్నోళ్ల సంగతి నాకెందుకు అల్లుడా? నాది గరిటె పని."

"స్వర్ణది కాదా?"

"రెండు రోజులు. మూడో రోజు డైరెక్టరే వచ్చి తీసుకుపోయినాడు."

"ఎక్కడికి?"

"నీ పెళ్లాన్నడుగు. టీ తాగుతావా?"

అతను తాగలేదు. పెళ్లాన్ని అడగలేదు. గూడెం కొత్తవీధిలో ఉన్న ఆమె అన్న సుక్రుకు ఫోన్ చేశాడు.

"ఆదివారం వచ్చి మీ చెల్లిని తీసుకుపో."

"ఏటయింది బావా?"

"పెద్దల ముందు చెప్తాను."

ఇవాళ శనివారం. స్వర్ణ ఎక్కిన బస్సు వెనకే జీపు దించాడు. ఆమెకు రెండు వరసల వెనక, తువ్వాలు తలమీంచి కప్పుకుని కూర్చున్నాడు.

తెర మీద నల్లతేలు సిల్వర్ ఓక్ చెట్టెక్కుతున్నాడు. మిగతా నలుగురు విలన్లు కింద నిలబడి నోరు తెరుచుకుని చూస్తున్నారు. హాలంతా ఈలలు. స్వర్ణ చెప్పులు విప్పేసింది. ఆమె కాలివేళ్లు నేలను పట్టుకున్నాయి. తేలు పైకి చేరేదాకా ఆమె ఊపిరి తీసుకోలేదు.

మొగుడి కోసం ఎప్పుడైనా అలా ఊపిరి బిగబట్టిందా? ధనుంజయ్ తువ్వాలు కొస కొరికాడు.

ఆట అయిపోయింది. లైట్లు వెలిగాయి. జనం లేచారు. స్వర్ణ లేవలేదు. అతనూ లేవలేదు. ఎవడొస్తాడో చూడాలి.

ఎవడూ రాలేదు. తలుపులు మూసే మనిషి వచ్చాడు.

"మళ్లీ నువ్వేనా తల్లీ? అయిపోయింది, లే."

"ఒక్క నిమిషం అన్నా. ఇదొక్కటీ అవనీ."

తెర మీద పేర్లు పైకి పోతున్నాయి. లైట్లు పట్టినవాళ్లు, బట్టలు కుట్టినవాళ్లు, బళ్లు నడిపినవాళ్లు. వంటవాళ్ల పేర్లు వచ్చాయి. మగ్దలేనమ్మ పేరుంది. ధనుంజయ్ ఆ వరసలన్నీ చదివాడు. స్వర్ణ పేరు లేదు.

అబద్ధం దొరికింది. రేపు పెద్దల ముందు ఇది చాలు. తువ్వాలు దులిపి లేచాడు.

రెండు వరసల ముందు స్వర్ణ కూడా లేచి, ఫోను రెండు చేతులతో పైకెత్తి, తెర మీదికి అన్నిటికన్నా ఆఖరున వచ్చిన పేరును ఫొటో తీసింది: "నల్లతేలు ముసుగులో: కొర్రా స్వర్ణ, గూడెం కొత్తవీధి."